పర్లాకిమిడి నుంచి ఢిల్లీకి జీడిపప్పు: లారీయా, రైలు కంటైనరా?

జీడి పర్లాకిమిడి:
అందరికీ నమస్కారం. మాది చిన్న జీడిపప్పు యూనిట్. సరుకు చాలావరకు ఢిల్లీ వ్యాపారులకే వెళ్తుంది, ఇన్నాళ్లూ లారీలోనే. ఈమధ్య ఒక ఏజెంట్ వచ్చాడు. మీ గేటు దగ్గరే కంటైనర్ నింపి సీల్ వేస్తాం, విశాఖలో రైలెక్కిస్తాం, ఢిల్లీలో ట్రెయిలర్ మీద గోడౌన్‌కి చేరుస్తాం, కిరాయి బాగా తగ్గుతుంది అంటున్నాడు. మనవైపు ఇలా పంపినవాళ్లు ఉంటే చెప్పండి.

జయపురం మిల్లు:
మేం బియ్యం అలాగే పంపుతున్నాం, మాకు కలిసొచ్చింది. మీ సంగతి వేరు. రెండేసి 11.34 కిలోల టిన్నులున్న అట్టపెట్టెలు 20 అడుగుల కంటైనర్‌లో 700 దాకా పడతాయి. అంటే దాదాపు 16 టన్నులు. అంత పప్పు ఒకే చోటికి ఒకేసారి పంపే పరిస్థితి మీకుందా? సగమే నింపినా కిరాయి మొత్తానికీ కట్టాలి.

రాయగడ బుకింగ్:
నాది లారీ బుకింగ్ ఆఫీసు, అయినా ఉన్నదే చెప్తాను. ఏజెంట్లు ముందు చెప్పేది రైలు రేటు. అది తక్కువే, అబద్ధం కాదు. కానీ ఖాళీ కంటైనర్‌తో ట్రెయిలర్ విశాఖ నుంచి మీ దాకా రావాలి, నింపుకుని వెనక్కి పోవాలి. ఆ రానూపోనూ కిరాయి మీదే. జయపురం, కోరాపుట్ వాళ్లకైతే మధ్యలో సాలూరు ఘాట్. లోడింగ్ ఆలస్యమైతే ట్రెయిలర్‌కి హాల్టింగ్, అంటే ఆగినందుకు అదనపు కిరాయి, ఢిల్లీలో మళ్లీ ఇంకో ట్రెయిలర్, రెండుచోట్లా హమాలీ. ఇవన్నీ ఒకే కాగితం మీద రాయించుకోండి.

ఇంకో విషయం. కంటైనర్ రేక్, అంటే ఒక పూర్తి గూడ్సు రైలు, 45 వ్యాగన్లు, 20 అడుగులవి 90 పడతాయి. రేక్‌కి సరిపడా సరుకు చేరకపోతే మీది యార్డులోనే ఉంటుంది. మా రాయగడలో రైలు ఊళ్లోంచే పోతుంది, అయినా ఒకటి రెండు కంటైనర్ల వాళ్లకి ఇక్కడ ఎక్కించే ఏర్పాటు లేదు. చిన్న వ్యాపారులకి ఇది నిజంగా అన్యాయం.

జీడి పర్లాకిమిడి:
సీజన్‌లో 16 టన్నులు తొందరగానే తేలుతుంది, మిగతా రోజుల్లో కష్టం. నాకు అసలు టెన్షన్ తేమ గురించి. పప్పు మెత్తబడితే ఢిల్లీవాళ్లు రేటు కోస్తారు.

బరంపురం ఎగుమతి:
తేమకి ఉపాయం ఉంది తమ్ముడూ. కంటైనర్ రాగానే ఒక మనిషిని లోపల పెట్టి తలుపులు మూయించు. ఎక్కడైనా వెలుతురు కనబడితే అది వెనక్కి పంపెయ్. నేల తడిగా ఉన్నా, మందుల వాసన వచ్చినా అంతే. పగటి ఎండ, రాత్రి చలికి లోపలి పైకప్పుకి చెమ్మ పట్టి పెట్టెల మీద పడుతుంది, కాబట్టి తేమ పీల్చే సంచులు వేలాడదీయాలి. సీల్ నంబర్ ఫొటో తీసుకో.

పాడైతే ఎవరు కడతారో ముందే తేల్చుకో. రోడ్డు, రైలు, ఓడ లాంటివి కలిపి ఒకే ఒప్పందం మీద సరుకు పంపడానికి ఉన్న 1993 మల్టీమోడల్ చట్టం మనదేశం నుంచి బయటికి వెళ్లే సరుకుకే. దేశంలో తిరిగేదానికి రైలు దగ్గర పాడైతే సరుకు అప్పగించిన 6 నెలల్లోపు, రోడ్డు మీదైతే బుకింగ్ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఎక్కడ పాడైందో తేలకపోతే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు. ఇన్సూరెన్స్ గేటు నుంచి గేటు దాకా ఉండాలి.

జయపురం మిల్లు:
మీరెవరూ వడ్డీ మాట ఎత్తలేదు. నా లెక్కలో అసలు తేడా అక్కడే. పప్పు కిలో 700 వేసుకున్నా 16 టన్నులంటే కోటి 12 లక్షలు. ఏడాదికి 12 శాతం వడ్డీ అయితే రోజుకి 3,700 దాకా. నా బియ్యం 25 టన్నులు, కిలో 35 చొప్పున 8 లక్షల 75 వేలు, వడ్డీ రోజుకి 300 లోపే. వారం ఆలస్యమైనా నాకు పోయేది కొంచెమే. మీకు అదే వారంలో 26 వేలు. ఢిల్లీవాళ్లు సరుకు దిగాకే డబ్బిస్తే ఆ భారమంతా మీదే. లారీ కన్నా ఎన్ని రోజులు ఎక్కువ పడుతుందో అడిగి, కిరాయిలో మిగిలేదాన్నుంచి ఆ వడ్డీ తీసేసి చూడండి.

రాయగడ బుకింగ్:
మంచి లెక్క. ఈ-వే బిల్లు, అంటే సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం, కూడా చూసుకోవాలి. 2021 నుంచి 200 కిలోమీటర్లకి ఒక రోజు గడువు, 1,800 కిలోమీటర్లయితే 9 రోజులు. బండి మారినప్పుడల్లా అందులో బండి వివరాలుండే పార్ట్-బి మార్చాలి. యార్డులో ఆగి గడువు దాటేలా ఉంటే ముగిసే ముందు 8 గంటలు, తర్వాత 8 గంటలు, ఆలోపే పొడిగించుకోవాలి. ఆ పని ఎవరు చూస్తారో ఏజెంట్‌ని సూటిగా అడగండి.

జీడి పర్లాకిమిడి:
చాలా థ్యాంక్సండీ. వడ్డీ లెక్క చూశాక పండగల ముందు సరుకు లారీలోనే పంపుదామనిపిస్తోంది, అప్పుడు వాళ్లకి తొందర కూడా. పక్క యూనిట్‌వాళ్లతో కలిసి ఒక కంటైనర్ నింపితే?

బరంపురం ఎగుమతి:
ఇన్‌వాయిస్‌లు, ఈ-వే బిల్లులు ఎవరివి వాళ్లకి ఉండాలి. ఒకరి గ్రేడ్ తేడా వచ్చినా గోడౌన్‌లో దించేటప్పుడు ఇద్దరికీ గొడవే. అంతకన్నా ఇది చూడు. మీ ఆఫ్రికా జీడిగింజలు విశాఖ రేవులో దిగి కంటైనర్‌లోనే మీ గేటుకి వస్తుంటే, దించాక ఆ ట్రెయిలర్ ఖాళీ కంటైనర్‌తో వెనక్కి పోతుంది కదా. ఆ కంటైనర్ షిప్పింగ్ లైన్‌ది, వాళ్ల అనుమతి లేకుండా నింపకూడదు. అనుమతి ఇస్తే మాత్రం విశాఖ దాకా కిరాయి చాలావరకు తప్పుతుంది. గింజలు తెప్పించే ఏజెంట్‌నే అడుగు.

జీడి పర్లాకిమిడి:
వచ్చే లోడ్ దిగేలోపే అడుగుతాను అన్నా. ఏం చెప్పారో ఇక్కడే రాస్తాను.