సమస్యాపూరణం: "వాన కురియుచుండ వాడె మొలక"

మిత్రులకు నమస్కారం. ఈసారి సమస్య ఆటవెలది పద్యం నాలుగో పాదం. మిగిలిన మూడు పాదాలు మీరు రాసి, ఈ పాదానికి అర్థం కుదిరేలా పూరించాలి.

వాన కురియుచుండ వాడె మొలక

వాన పడుతుంటే మొలక వాడిపోవడమేమిటి? అదే చిక్కు. నీళ్లు నిలిస్తే మొలక కుళ్లి వాడుతుందని పొలం తెలిసినవారు వెంటనే చెప్పేస్తారు. ఆ దారి మూసేయడానికే ఒక నియమం పెడుతున్నాను: పూరణ ఆరుబయలు రంగస్థలం గురించే ఉండాలి. మన సభ్యుల్లో చాలామంది ఏదో ఒక ఊరి నాటక బృందంలో పనిచేస్తున్నవారే. వానలు తగ్గాక మొదలై, ఎండలు ముదిరేలోపు ముగిసే ప్రదర్శనల సీజన్ దగ్గర పడింది. పిల్లల నాటకం, పద్యనాటకం, తోలుబొమ్మలాట, నృత్యం, ఒక రాత్రి కవిసమ్మేళనం అంటూ వరస వేసుకున్నాం. తేదీలన్నీ మనం రాసుకున్నా ఆకాశం తన తేదీలు తాను రాసుకుంటుంది. ఆ టెన్షన్ తెలిసినవారి పద్యాలు చూడాలని ఉంది.

గణాలు మరోసారి గుర్తు చేస్తాను. గణమంటే లఘువుల (పొట్టి అక్షరాల), గురువుల (పొడుగు అక్షరాల) గుంపు. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (న, హ), రెండు ఇంద్రగణాలు (నల, నగ, సల, భ, ర, త). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. ప్రతి పాదంలో నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు. ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకటే కావడం) నియమం లేదు.

పిల్లల చేత నాటకాలు వేయించే ఉపాధ్యాయురాలి పూరణ

మొదటి వేష మనుచు ముస్తాబు చేసిరి
చిట్టి మోము నిండ చెలగె నవ్వు
ఆట మొదలు గాక యాగిపోవగ నయ్యొ
వాన కురియుచుండ వాడె మొలక

నిర్వాహకుడు: అమ్మా, చక్కని పూరణ. మొలక అంటే తొలి వేషం కట్టిన పసివాడు, వాడింది వాడి మొహం. సమస్యలోని విరోధం ఏ మెలికా లేకుండా తీరిపోయింది. ముస్తాబు చేసింది ఎవరో చెప్పకపోయినా లోటనిపించలేదు. అమ్మో, నాన్నో, మేకప్ పెట్టిన అక్కో, అందరూ ఆ "చేసిరి"లోనే ఉన్నారు.

కొత్త సభ్యురాలు: గురువుగారూ, మూడో పాదంలో "ఆ"కి "యా"తో యతి చెల్లుతుందా?

నిర్వాహకుడు: చెల్లుతుందమ్మా. "గాక, ఆగిపోవగ" అన్నచోట నడుమ యకారం వచ్చి చేరింది. లోపల ఉన్న అచ్చు "ఆ"యే. "అ, ఆ, ఐ, ఔ"లకు "య, హ"లతో మైత్రి కూడా ఉంది కనుక రెండు విధాలా సరిపోయింది.

ఉపాధ్యాయురాలు: ధన్యవాదాలండీ. ఇది ఊహించి రాసింది కాదు. రంగు కడిగేస్తుంటే ఆ పిల్లవాడు "రేపు వేస్తారా టీచర్?" అని అడిగాడు. రేపు ఆ స్థలం ఇంకొకరికి ఇచ్చేశారు. అప్పటి నుంచి ప్రతి పిల్లల ప్రదర్శనకూ ఒక బదులు తేదీ ముందే రాయించుకుంటున్నాను. అది లేకుండా ఒప్పుకోను.

లైట్లు, శబ్దాల పని చూసే సభ్యుడి పూరణ

రేకు నూప నురుము, రేగు గాలియు పుట్టె
దీపకాంతి సెగలు తీవ్రమయ్యె
నీటి చుక్క పడని నేలపై నాటలో
వాన కురియుచుండ వాడె మొలక

నిర్వాహకుడు: ఆహా! వాన నాటకంలోది, మొలక నిజమైనది. ఈ దారి నాకు తట్టలేదు సార్. పల్చటి పెద్ద రేకును వేలాడదీసి ఊపితే ఉరుము వినిపిస్తుందని తెలిసినవారికి మొదటి పాదం చదవగానే చెవిలో మోగుతుంది. రెండో పాదంలో "దీ"కి "తీ", ఒకే వర్గం, నిర్దోషం. ఒక్క అనుమానం. "నేలపై నాటలో" అన్నచోట "నాటిన" అనే మాట వినబడి పాఠకుడు తడబడతాడేమో?

లైట్ల సభ్యుడు: నిజమే, కానీ మొలక ఉంది కదా, ఆ "నాటు" వినబడినా నష్టం లేదనుకున్నాను. పైరేకు ఉన్న హాల్లో అయితే మధ్యాహ్నమే లైట్లు సరిచూసుకోవచ్చు. ఆరుబయట సూర్యుడు దిగేదాకా మా దీపం ఎక్కడ పడుతోందో కంటికి ఆనదు. అందుకే రిహార్సల్ రాత్రి మొదలవుతుంది, వేదిక ముందు అలంకారానికి పెట్టిన కుండీలు గంటల తరబడి ఆ వేడిలో ఉంటాయి. వాటికి నీళ్లు పోయడం ఎవరి పనీ కాదు. ఈ పద్యం రాశాక నా పనుల పట్టీలో చేర్చుకున్నాను.

పద్యనాటక నటుడి పూరణ

నల్ల గుడ్డ కప్పి నలుగురు మబ్బులై
ఆకుపచ్చ బట్ట నందగాడు
విత్తు కథను చూప వేదిక పైనను
వాన కురియుచుండ, వాడె మొలక

నిర్వాహకుడు: పదవిభాగంతో విరుపు! "వాడె" క్రియ కాదు, "వాడే" అన్న సర్వనామం. మొలక వేషం వేసినవాడు వాడే. సమస్య ఇస్తున్నప్పుడే ఎవరో ఒకరు ఇక్కడ విరుస్తారని ఎదురుచూశాను, అందరికంటే ముందు మీరు అందుకున్నారు. "బట్టన్" అంటే బట్టలో అని తీసుకుంటే అన్వయం కుదిరింది. "వేదిక పైనను"లో చివరి "ను" మాత్రం గణం కోసం వచ్చి కూర్చున్నట్టుంది.

నటుడు: ఒప్పుకుంటాను, మాస్టారూ. ఇంకో మాట దొరికితే మారుస్తాను. నాకు ఈ పూరణలో ఇష్టమైనది మబ్బులు. ఆరుబయట పెద్ద సెట్లు నిలబెడితే గాలికి తెరచాపల్లా లాగేస్తాయి. మనుషులే మబ్బులు, మనుషులే చెట్లు అయితే గాలి వచ్చినా నిలబడతారు. వీధినాటకం వాళ్లు ఇద్దరు తెర పట్టుకుంటే చాలు, లోకమంతా ఆ తెర వెనక ఉందని నమ్మించేవారు. మరోపక్క సురభివారిని చూడండి. 1885లో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాల నాటకానికి తెరలూ సెట్లూ మాయలూ ప్రాణం. రెండు దారులూ మనవే. ఆకాశం కింద ఆడేటప్పుడు నేను మొదటి దారే ఎంచుకుంటాను.

మరో సభ్యుడు: "వాడె" అంటే "ఉపయోగించెను" అని తీసుకోవచ్చా? నటుడు మొలకను వాడాడు అని?

నిర్వాహకుడు: వ్యాకరణం ఒప్పుకుంటుంది. కానీ వానలో మొలకను ఎందుకు వాడాడో మిగిలిన మూడు పాదాలూ చెప్పగలగాలి. రాసి పంపండి, చూద్దాం.

కొత్త సభ్యురాలి పూరణ

మేఘ మొకటి వచ్చి మెల్లగా మింటిలో
జనులందరు లేచి చనిరి ఇళ్లకు
ఖాళి కుర్చి చూచి కన్నీరు పెట్టుచు
వాన కురియుచుండ వాడె మొలక

ఇదే నా మొదటి ఆటవెలది. తప్పులుంటే దయచేసి చెప్పండి.

నిర్వాహకుడు: మొదటిది అంటే నమ్మబుద్ధి కావడం లేదమ్మా. 1, 3 పాదాలు గణాలతో, యతితో సరిగ్గా కుదిరాయి. రెండో పాదంలో గణదోషం ఉంది. "జనులం" దగ్గర రెండు లఘువుల తర్వాత గురువు వచ్చింది, అది స గణం. ఇక్కడ న గణమో (మూడు లఘువులు), హ గణమో (గురువు, లఘువు) కావాలి. ఇలా మార్చి చూడండి:

జనము లేచి యిండ్ల జాడ బట్టె

"జ"కు "జా" యతి. "ఖాళీ కుర్చీ"ని "ఖాళి కుర్చి" అని కుదించారు. అన్యదేశ్యాలకు (పరభాషల నుంచి వచ్చిన మాటలకు) ఇలాంటి కుదింపు పద్యంలో చెల్లుతుందనే నా అభిప్రాయం, ఒప్పుకోనివారూ ఉన్నారు. మీరు గమనించారో లేదో, ఇందులో ఒక గొప్ప అందం ఉంది. పైన వాన, కింద కన్నీరు. రెండు నీళ్లు పడినా ఆ మొలక వాడిపోయింది. విరోధం రెట్టింపయింది.

కొత్త సభ్యురాలు: గమనించలేదండీ! సవరణకు కృతజ్ఞతలు.

హార్మోనియం వాయించే సభ్యుడి పూరణ

పెద్ద నటుని మీద చప్పట్లు కురిసెను
చిన్నవాని పలుకు చెవిని పడదు
ఒకని మీద మాత్ర మొక్కటై మెప్పుల
వాన కురియుచుండ వాడె మొలక

నిర్వాహకుడు: మూడో పాదం చివర "మెప్పుల" అని ఆపి సమస్యలోని వానను మెప్పుల వానగా మార్చడం బాగుంది. మొదటి పాదంలో యతి తప్పింది. "పె"కు "చ" చెల్లదు. పైగా అక్కడే "కురిసెను" అనేస్తే చివరి పాదంలోని "కురియుచుండ" బలం తగ్గుతుంది. "పెద్ద నటుడు రాగ బిగ్గర చప్పట్లు" అంటే "పె, బి" ఒకే వర్గం కనుక యతి సరిపోతుంది, కురవడం చివరి పాదానికే మిగులుతుంది.

హార్మోనియం సభ్యుడు: సవరణ శిరోధార్యం. రెండో పాదం మాత్రం నా కళ్లముందు జరిగింది. చప్పట్లు ఆగకముందే చిన్నవాడు తన మాట అనేశాడు, ఒక్కరికీ వినపడలేదు. హాల్లో గోడలు గొంతును తిప్పి పంపుతాయి. ఆరుబయట అది పోయిందంటే పోయినట్టే.

పద్యనాటక నటుడు: అందుకే స్థలం కొలత ముఖ్యం. నాట్యశాస్త్రం రెండో అధ్యాయం నాటకశాల గురించే. మనుషులకు 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు చాలంటుంది. అంతకు మించి పెద్దదైతే పాఠం స్పష్టంగా వినపడదని, ముఖంలోని భావం కనపడదని కారణం చెబుతుంది. గ్రీసులో ఎపిడారస్ రంగస్థలం క్రీస్తుపూర్వం 4వ శతాబ్దిది, వేలమంది కూర్చోవచ్చు, పైకప్పు లేదు. కొండవాలును అర్ధచంద్రాకారంగా రాతిమెట్లు చేసి, ప్రతి వరసా ముందు వరస తల మీదుగా చూసేలా, వినేలా కట్టారు. మనం చదును నేల మీద కుర్చీలు వేసి మైకు మీద భారం పెట్టేస్తాం. వెనక నాలుగు వరసలకైనా మెట్టు ఉంటే ఆ చిన్నవాడి మాట ఇంకొందరికి చేరేది.

రచయిత్రి అయిన సభ్యురాలి పూరణ

మాట మరచిపోయె మైకు ముందర నిల్చి
చెమట పట్టె నుదుట చేయి వణకె
నాల్గు దిశల నుండి నడినెత్తి వెలుగుల
వాన కురియుచుండ వాడె మొలక

నిర్వాహకుడు: వెలుగుల వాన! "నడినెత్తిపై" అని ఉండాలి కదా అనిపించింది. కానీ "నడినెత్తి వెలుగులు" అని కలిపి తీసుకుంటే అన్వయానికి ఇబ్బంది లేదు. "మా"కు "మై" యతి సరైనదే. వేదిక భయం మీద ఎన్నో పద్యాలు చదివాను. వెలుతురు తడుపుతుందన్న ఊహ నాకు కొత్త.

ఇక నా పూరణ

గొడుగు నీడ జనులు కూర్చుండి రటులనే
పలుకు పలుకు వినిరి పట్టు విడక
తడిసి కూడ పాత్ర దాటక నటియించె
వాన కురియుచుండ వాడె మొలక?

సమస్యను ప్రశ్నగా మార్చాను. వాడలేదని జవాబు.

లైట్ల సభ్యుడు: గురువుగారూ, పద్యం మీద మాట్లాడే అర్హత నాకు లేదు, వాన మీద ఉంది. చినుకు పడగానే లైట్లకు, మైకులకు కరెంటు తీసేయాలి. తడిసిన చెక్క మీద నటుడు జారిపడతాడు. ఈ పద్యం చదివి ఎవరైనా వానలో ఆట కొనసాగిస్తే?

నిర్వాహకుడు: మంచి ప్రశ్న. ఇది మధ్యాహ్నం జరిగిన ప్రదర్శన. లైటు లేదు, మైకు లేదు, వేదిక మట్టి అరుగు. నేను పక్కన పుస్తకం పట్టుకుని మాటలందిస్తున్నాను. తొమ్మిదేళ్ల పిల్లవాడు ఒక్కసారి నా వైపు చూశాడు. ఆపమంటే ఆపేసేవాడు. నేను తల ఊపాను. రాత్రి ప్రదర్శన అయితే తల ఊపకూడదు, ఆపించాలి. మీ మాట అందరూ గుర్తుంచుకోవాలి.

ఉపాధ్యాయురాలు: నాదీ ఒక అభ్యంతరమండీ. ముందు వరసలో గొడుగు విప్పితే వెనకవాళ్లకు ఏం కనిపిస్తుంది? లండన్‌లో 1997లో తిరిగి కట్టిన షేక్‌స్పియర్ నాటకాల గ్లోబ్ రంగస్థలంలో నిలబడి చూసేవారి తల మీద కప్పు ఉండదు, అయినా అక్కడ గొడుగు విప్పనివ్వరు. రెయిన్‌కోటు వేసుకుని తడుస్తూ చూస్తారు. మీ ప్రేక్షకులు అంత పట్టుగా విన్నారంటే గొడుగులు విప్పి ఉండరు.

నిర్వాహకుడు: అమ్మా, మీరన్నదే నిజం. ఆ రోజు చాలామంది దగ్గర గొడుగులు ఒళ్లోనే ఉండిపోయాయి. నేను యతి కోసం "గొడుగు" పట్టుకుని అసలు సంగతి తలకిందులు చేశాను. రెండు గణాలు మారిస్తే చాలు, యతి అలాగే ఉంటుంది:

గొడుగు విప్పకుండ కూర్చుండి రటులనే
పలుకు పలుకు వినిరి పట్టు విడక
తడిసి కూడ పాత్ర దాటక నటియించె
వాన కురియుచుండ వాడె మొలక?