కోటలో పాగా: తలదా, గుర్రాలదా?

సాన్ ఆంటోనియో నుంచి
మా నాన్నగారు టెక్సస్ వచ్చారు. ఇక్కడి పాత కట్టడం ఆలమో చూపించే ముందు ఆయన చదువుకోవడానికి తెలుగులో ఒక పేజీ రాసిచ్చాను. 1718లో వాలెరో మిషనుగా, అంటే క్రైస్తవ మతప్రచార కేంద్రంగా మొదలైందనీ, 1793లో మిషను ఎత్తేశారనీ, 19వ శతాబ్దం మొదట్లో స్పెయిన్ వారి గుర్రపు దళం అందులో పాగా వేసిందనీ రాశాను. ఆయన అక్కడ ఆగి, "గుర్రాలకు పాగా ఏమిటిరా? శ్రీనాథుడు పాగ చుట్టితి అన్నాడు, వేసితి అనలేదు" అన్నారు. ఆ పద్యం నాకు సగమే గుర్తుంది. అందులో పాగా ఉందా?

ఛందస్సు పిచ్చి
లేదు. "కుల్లాయుంచితి, కోకచుట్టితి". కోకే. అయినా మీ నాన్నగారి చెవిని తప్పుపట్టలేను. కోక, పాగ రెండూ గురువు, లఘువు. పాగ పెట్టినా శార్దూలం నడక చెడదు, యతిప్రాసలకూ దెబ్బ తగలదు.

పాత నిఘంటువు
పద్యం సరే, పాగాలు రెండున్నాయి. ఒకటి తలపాగా. రెండోది ఫారసీ పాయ్‌గాహ్: పాయ్ అంటే కాలు, గాహ్ అంటే చోటు. మరాఠీలో పాగా అంటే గుర్రపుసాల, ఆశ్వికదళం. నిజాం కొలువులోని పాయిగా ప్రభువుల పేరూ ఇదే. డేరా వేయు, మకాం వేయు, తిష్ఠ వేయు, పాగా వేయు. తలపాగాను ఎవరైనా "వేస్తారా"? ఆలమో వాక్యంలో మాట దాని అసలు చోటికి చేరింది. రాసినవారికి తెలియకపోవచ్చు గాక.

కృష్ణాతీరం
టోపీ వేస్తారు కదండీ! గెలిచిన కోట బురుజు మీద తలపాగా విప్పి జెండాలా ఎగరేసేవారని మా మాస్టారు చెప్పేవారు. పాగా వేయడం అదే.

పాత నిఘంటువు
అలాగైతే "కోటపై పాగా" అనాలి. జనం అనేది "కోటలో పాగా". బురుజు మీద ఎగిరేది లోపల ఎలా ఉంటుంది? ఆ "లో" ఒక్కటి చాలు నాకు.

కృష్ణాతీరం
"కోటపై పాగా" అని ఎన్నికల రోజుల్లో ఎన్ని శీర్షికలు చదవలేదు?

పాత నిఘంటువు
శీర్షికలు సాక్ష్యమైతే ఈ గుంపు మూసేద్దాం.

గోదారి గట్టు
పాగా సంగతి మీరు తేల్చుకోండి. నాకు ఆలమో మీదే మనసు. స్పానిష్‌లో అది చెట్టు పేరు. దాని ఆకు మన రావాకులాగే చిన్న గాలికే వణుకుతుంది. మిషను దగ్గర ఆ చెట్లు ఉండేవి కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. అక్కడ దిగిన దళం ఆలమో దె పారస్ అనే ఊరి నుంచి వచ్చింది కాబట్టి అని మరికొందరు. నేను రెండో పక్షం. మనకు ఊరి పేరు ఇంటిపేరవుతుంది. అక్కడ అద్దెకు దిగినవాళ్ల ఇంటిపేరు ఇంటికే అంటుకుంది. 1836లో మెక్సికో సైన్యం ముట్టడి 13 రోజులే సాగినా, వాలెరోను మరిచి ప్రపంచమంతా ఈ పేరే పట్టుకుంది.

సాన్ ఆంటోనియో నుంచి
ఇది నాన్నగారికి చదివి వినిపించాను, నవ్వారు. ఇంకొక్క మాట. అదే 1718లో ఇక్కడే ప్రెసిడియో కూడా పెట్టారు, సైనికులుండే చోటు. దాన్ని కోట అని రాశాను. సరేనా?

పాత నిఘంటువు
ఠాణా అనండి. లాటిన్ ప్రెసీడియం అంటే కావలిదండు. స్పానిష్‌లో అదే మాట చెరసాలకూ వచ్చింది. మన ఠాణా కూడా దండు నుంచి పోలీసుల చేతికి పోయింది. రెండు మాటల జాతకం ఒకటే.

గోదారి గట్టు
ఠాణా అంటే నేటి పాఠకుడు లాఠీనే ఊహిస్తాడు. దండు విడిది అనండి.

కృష్ణాతీరం
ఠాణాకు నా ఓటు, పాగాకు కాదు. శ్రీనాథుడు చుట్టిన కోక తలకేనా, నడుముకా? కుల్లాయి అప్పటికే తల మీద ఉంది కదా.

ఛందస్సు పిచ్చి
కుల్లాయి మీద చుట్టాడు. కన్నడ కొలువులో వేషం అది. దాన్నిప్పుడు విప్పకండి. నన్ను ఏళ్ల తరబడి తినేస్తున్నది మూడో పాదం: "చల్లా యంబలి"యా, "చల్లాలంబలి"యా? మీ నాన్నగారు ఎలా చదువుతారో అడగండి.

సాన్ ఆంటోనియో నుంచి
అడిగాను. "మజ్జిగ పోసిన అంబలి. అంత తెలిస్తే చాలదా?" అన్నారు.

ఛందస్సు పిచ్చి
చాలదని చెప్పండి.