ప్యాకెట్ శాకాహారంతో పావుగంటలో భోజనం: ఏవి దగ్గర పెట్టుకోవాలి, ఎక్కడ తేడా కొడుతోంది?

పావుగంట_వంట
ఒక్కరి భోజనం. ఉన్న సరంజామా: ఎలక్ట్రిక్ కెటిల్, మైక్రోవేవ్, ఒక పొయ్యి, చిన్న ఫ్రిజ్, దాని లోపలే చిన్న ఐసు అర. పావుగంటకు మించి టైం పెట్టడం కుదరదు. గుడ్డు కూడా వద్దు.

రెడీమేడ్ పౌచ్‌లు, డబ్బా శనగలు, సోయా ముక్కలు (మీల్‌మేకర్), టోఫు (సోయా పాల పనీర్), ఇన్‌స్టంట్ నూడుల్స్ అన్నీ వాడి చూసినా చిక్కులు ఇవి:

1. రెండు ప్యాకెట్లు కలిపితే ఉప్పు కషాయం.
2. సోయా ముక్కలు నమిలితే స్పాంజి, పైగా ఒకలాంటి వాసన.
3. కడుపు నిండినట్టే ఉండి రెండు గంటలకే మళ్ళీ ఆకలి.
4. సగం వాడిన డబ్బా ఎన్నాళ్ళు ఉంటుందో తెలియదు.
5. శాకాహారమే అనుకుని కొన్నవాటిలో వెనక చిన్న అక్షరాల్లో ఏవో నంబర్లు.

ఏ ప్యాకెట్లు కొనడం దండగో కూడా చెప్పండి.

---

ఉప్పుతక్కువ
మీ మొదటి చిక్కుకీ మూడో చిక్కుకీ మూలం ఒకటే. పూర్తి భోజనంగా అమ్మే ప్యాకెట్ కొంటున్నారు. దానికి బదులు మూడు విడి సరుకులు కొనండి: ఒక పిండిపదార్థం (అన్నం, గోధుమరవ్వతో చేసే కుస్కుస్, పాస్తా), ఒక ప్రొటీన్ (శనగలు, టోఫు, సోయా), ఒక తడి రుచి (టమాటా, సాస్, గ్రేవీ పౌచ్). ఈ మూడింట్లో ఉప్పు ఒక్కదాంట్లోనే ఉండాలి. గ్రేవీ పౌచ్ వాడితే శనగలు ఉప్పు లేనివి, అన్నం సాదాది. నూడుల్స్ మసాలా వాడితే మిగతావన్నీ చప్పనివి. ఈ ఒక్క పద్ధతి పట్టుకుంటే సగం గొడవ తీరుతుంది.

లేబుల్ మీద ఉప్పు బదులు సోడియం ఉంటే రెండున్నరతో హెచ్చవేయండి. 100 గ్రాములకు 400 మిల్లీగ్రాముల సోడియం అని ఉన్న పౌచ్ బరువు 300 గ్రాములు అనుకుందాం. మొత్తం సోడియం 1200 మి.గ్రా., అంటే 3 గ్రాముల ఉప్పు. పెద్దవాళ్ళకు రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క పూటకే సగానికి పైగా అయిపోయింది. 'ఒక సర్వింగ్‌కు' అన్న గడి చూసి మోసపోవద్దు, ఒక్కరు తినేసే పౌచ్‌ను రెండు సర్వింగులుగా లెక్కగట్టేవి చాలా ఉంటాయి.

ఉప్పునీళ్ళలో ఉన్న డబ్బా శనగలైతే నీళ్ళు వంపేసి, చిల్లుల గిన్నెలో వేసి కుళాయి కింద అర నిమిషం కడగండి. సోడియం దాదాపు 40 శాతం దాకా పోతుంది.

ఆకలి సంగతి. 70 గ్రాముల నూడుల్స్ ప్యాకెట్‌లో ప్రొటీన్ 6, 7 గ్రాములే. పూటకు 15 నుంచి 20 గ్రాములు వచ్చేలా చూసుకోండి. 400 గ్రాముల శనగల డబ్బా వంపితే 240 గ్రాముల గింజలు మిగులుతాయి, వాటిలో 16 గ్రాముల దాకా ప్రొటీన్. ఎండు సోయా ముక్కలు 30 గ్రాములు వేస్తే 15. గట్టి టోఫు 100 గ్రాములకు 12 నుంచి 15. ఫ్రోజెన్ బఠాణీ 100 గ్రాములకు 5, సాయంగా పనికొస్తుంది.

దండగ అంటారా, ప్రొటీన్ కోసం లేత పనసకాయ డబ్బా కొనడం. తినడానికి మాంసంలా పీచుపీచుగా ఉంటుంది కాబట్టి చాలామంది పొరబడతారు. 100 గ్రాములకు ఒకటి, రెండు గ్రాములకు మించి ప్రొటీన్ ఉండదు. రుచి కోసం కొనండి, ఆకలి తీరడానికి కాదు.

---

డబ్బామూత
కడగడం గురించి చిన్న సవరణ. 'ఉప్పు కలపనిది' అని రాసిన డబ్బా అయితే ఆ చిక్కటి నీళ్ళు పారబోయొద్దు. గింజల పిండి అందులో దిగి ఉంటుంది, నాలుగైదు చెంచాలు టమాటాలో కలిపితే గ్రేవీ దానంతట అదే చిక్కబడుతుంది. ఉప్పునీళ్ళదైతే కడగాల్సిందే.

రెడీమేడ్ పౌచ్ విషయానికొస్తే, అందులోది ముందే పూర్తిగా ఉడికిపోయి ఉంటుంది. సీల్ వేశాక సుమారు 121 డిగ్రీల వేడిలో ఒత్తిడి మీద ఉంచుతారు, అందుకే నిల్వ రసాయనం లేకుండానే ఫ్రిజ్ బయట నెలల తరబడి ఆగుతుంది. మీరు చేయాల్సింది వేడి చేయడమే. పొయ్యి మీదైతే పౌచ్ విప్పకుండా మరిగే నీళ్ళలో 5 నిమిషాలు. మైక్రోవేవ్‌కైతే గిన్నెలోకి పోయాలి. చాలా పౌచ్‌లలో అల్యూమినియం రేకు పొర ఉంటుంది, అలాగే పెడితే నిప్పురవ్వలు లేస్తాయి. మైక్రోవేవ్ కోసమే చేసిన అన్నం పౌచ్ వేరు. దాన్ని మూల మీద రెండు అంగుళాలు చించి, ఒక చెంచా నీళ్ళు పోసి 90 సెకన్లు తిప్పాలి. పెట్టే ముందు పైనుంచే చేత్తో నలిపి గడ్డలు విడదీయకపోతే మధ్యలో చల్లగా, అంచుల్లో గట్టిగా వస్తుంది.

విప్పాక నిల్వ: శనగలు, రాజ్మా ఫ్రిజ్‌లో 3, 4 రోజులు. టమాటా పులుపు కాబట్టి 5 నుంచి 7 రోజులు. గ్రేవీ 2, 3 రోజులు. అన్నం మర్నాటికల్లా అయిపోవాలి, ఎందుకంటే అన్నంలో బతికి ఉండే బాసిల్లస్ సిరియస్ అనే బాక్టీరియా బీజాలు గది వేడిలో పెరిగి విషం వదులుతాయి, మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. ఏదైనా సరే బయట రెండు గంటలు దాటనివ్వొద్దు. మిగిలింది డబ్బాలోనే ఉంచకుండా గాజు లేదా ప్లాస్టిక్ గిన్నెలోకి మార్చండి, పులుపుకు లోహం రుచి దిగుతుంది.

కొనేటప్పుడు ఉబ్బిన డబ్బా ముట్టుకోవద్దు. అతుకు మీద సొట్ట పడినదీ వద్దు. విప్పగానే నీళ్ళు చిమ్మితే రుచి చూడకుండా పారేయండి. పాడైన డబ్బాల్లో బాక్టీరియా వదిలే ప్రాణాంతకమైన బొట్యులిజం విషానికి వాసన ఉండదు, 'బానే ఉంది కదా' అని నాలుక మీద పెట్టడమే ప్రమాదం.

డబ్బా రాజ్మా బదులు ఎండువి తెచ్చి మైక్రోవేవ్‌లో లాగించేద్దాం అనుకునేవాళ్ళకు ఒక మాట. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది, అరకొరగా ఉడికితే వాంతులు. కనీసం 5 గంటలు నానాలి, ఆ నీళ్ళు పారబోయాలి, కొత్త నీళ్ళలో 30 నిమిషాలు తెర్లుతూ ఉడకాలి. పావుగంట వంటకు డబ్బాదే దిక్కు.

---

పిండితేనే_రుచి
సోయా ముక్కల సంగతి నాకు వదిలేయండి. స్పాంజిలా ఉండటానికి కారణం లోపల మిగిలిన నీళ్ళు, వాసనకు కారణమూ ఆ నీళ్ళే. ఒక్కసారి నానబెట్టి ఒక్కసారి పిండితే చాలదు.

30 గ్రాముల ముక్కలకు అర లీటరు మరిగే నీళ్ళు, అర చెంచా ఉప్పు. మూతపెట్టి 8 నుంచి 10 నిమిషాలు. నీళ్ళు వంపి, చన్నీళ్ళు పోసి, గుప్పెట్లో పట్టి గట్టిగా పిండండి. మళ్ళీ చన్నీళ్ళు, మళ్ళీ పిండటం. మూడోసారి నీళ్ళు తేటగా వస్తే సరి. ముక్కలు ఇప్పుడు రెండున్నర, మూడు రెట్ల బరువు ఉంటాయి. పెద్ద ముక్కలను సగానికి కోయండి, లోపలికి రుచి పట్టేది అప్పుడే. పిండిన స్పాంజి మొదట దేన్ని తాకితే దాన్నే పీల్చుకుంటుంది, కాబట్టి ముందు సాస్‌లో రెండు నిమిషాలు దొర్లించి ఆ తర్వాతే మూకుట్లో నూనెలో ఎర్రబడేదాకా వేయించండి. తొందరలో ఉంటే ముక్కల బదులు సోయా గ్రాన్యూల్స్ కొనండి: 5 నిమిషాల్లో నానతాయి, పిండటానికి పలుచటి గుడ్డ చాలు, వాసన కూడా తక్కువ.

ఎండు ముక్కలు నేరుగా టమాటా గ్రేవీలో వేయొద్దు. గ్రేవీలో నీళ్ళన్నీ పీల్చేసి అది ముద్దవుతుంది, ముక్కల మధ్య మాత్రం ఎండుగానే ఉంటుంది.

కెటిల్‌లో నూడుల్స్ ఉడికించే అలవాటు కూడా మానండి. పిండి నురుగు మూతిలోంచి పొంగి బయటికొస్తుంది, అడుగున పొర కడుతుంది. కెటిల్ నీళ్ళకే.

---

పావుగంట_వంట
చాలా ఉపయోగం. టోఫు ఒకటి మిగిలింది. బయట అలమరలో నిల్వ ఉండే చిన్న కార్టన్ టోఫు నొక్కితే చిత్తడయ్యి ముక్కలైపోతోంది. నొక్కే పద్ధతిలోనే తప్పుందా? అలాగే ఐసు అరలో ఫ్రోజెన్ కూరగాయలు పెట్టొచ్చా?

---

పిండితేనే_రుచి
పద్ధతిలో తప్పు లేదు, టోఫు రకమే వేరు. కార్టన్‌లో వచ్చేది సిల్కెన్. దాన్ని పెట్టెలోనే గడ్డకట్టిస్తారు, పెరుగులా నీళ్ళు పట్టి ఉంచడమే దాని స్వభావం. నొక్కకూడదు. చెంచాతో తీసి వేడి నూడుల్స్ మీదో సూప్‌లోనో వేయండి, లేదా మిక్సీలో టమాటాతో తిప్పి క్రీములాంటి సాస్ చేయండి. ప్రొటీన్ 100 గ్రాములకు 5 నుంచి 7 గ్రాములే ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

నొక్కాల్సింది నీళ్ళ ప్యాకెట్‌లో వచ్చే గట్టి రకాన్ని. గుడ్డలో చుట్టి పైన బరువు పెట్టి 15 నిమిషాలు. అంత టైం లేదంటారా? రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, మరిగే ఉప్పునీళ్ళు పోసి 5 నిమిషాలు ఉంచి వంపేయండి. వేడికి పైపొర గట్టిపడి తడి త్వరగా ఆరుతుంది, మూకుట్లో అంటుకోదు. విప్పిన టోఫుకు రోజూ నీళ్ళు మార్చాలి, 3 నుంచి 5 రోజుల్లో వాడేయాలి.

---

డబ్బామూత
ఐసు అర మీద నక్షత్రాలు లెక్కపెట్టండి. ఒక నక్షత్రం అంటే మైనస్ 6 డిగ్రీలు, వారం నిల్వ. రెండు అంటే మైనస్ 12, నెల. మూడు అంటే మైనస్ 18, మూడు నెలలు. నక్షత్రమే లేకపోతే ఐసు గడ్డలకే వాడండి. ప్యాకెట్ కొనేటప్పుడు చేత్తో కదిపి చూడండి. బఠాణీలు గలగలలాడాలి. ఒకే గడ్డగా ఉంటే ఎక్కడో కరిగి మళ్ళీ గడ్డకట్టిందన్నమాట.

కరిగించి వండొద్దు. ఫ్రీజ్ చేసే ముందే వాటిని మరిగే నీళ్ళలో కాసేపు ముంచి తీస్తారు, సగం మెత్తబడి ఉంటాయి. 150 గ్రాములు, ఒక చెంచా నీళ్ళు, మూత, మైక్రోవేవ్‌లో 3 నిమిషాలు. పొయ్యి మీదైతే పెద్ద మంట, మూత లేకుండా, మూకుడు సగానికి మించి నింపకుండా. నింపితే వేగవు, సొంత నీళ్ళలో ఉడుకుతాయి. పాలకూర గడ్డలో నీళ్ళు మరీ ఎక్కువ, వేడి చేసి పిండాకే గ్రేవీలో కలపండి. 'నేరుగా తినవచ్చు' అని రాసి ఉంటే తప్ప ఫ్రోజెన్ కూరగాయలు వేడి చేయకుండా సలాడ్‌లో వేయొద్దు, లిస్టీరియా అనే బాక్టీరియా చలికి చావదు.

---

వెనకలేబుల్
అయిదో ప్రశ్న, అంటే ప్యాకెట్ వెనక నంబర్లు, ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి. 'ఇ' నంబర్ అంటే ఆహారంలో కలిపిన పదార్థానికి ఇచ్చే సంకేతం.

జెలటిన్ (పాత లెక్కలో ఇ 441) జంతువుల చర్మం, ఎముకల నుంచి. కార్మైన్ (ఇ 120) అనే ఎరుపు రంగు పురుగుల నుంచి. షెల్లాక్ (ఇ 904) లక్క పురుగు స్రావం. ఈ మూడూ కనిపిస్తే పక్కన పెట్టేయడమే. ఇ 471, ఇ 627, ఇ 631 మాత్రం రెండు విధాలా తయారవుతాయి. మొదటిది కొవ్వు నుంచి, మొక్కదైనా కావచ్చు, జంతువుదైనా కావచ్చు. మిగతా రెండూ నూడుల్స్ మసాలాలో తరచూ ఉంటాయి. ఇవి చేపల నుంచి, మాంసం నుంచి వచ్చినవైనా కావచ్చు, పిండిని పులియబెట్టి చేసినవైనా కావచ్చు. నంబర్ చూసి తేల్చలేం. ప్యాకెట్ మీద శాకాహార గుర్తు ఉందా లేదా అన్నదే దారి.

చీజ్‌లో 'రెన్నెట్' (పాలు విరగడానికి వేసేది, దూడ పొట్ట నుంచీ తీస్తారు) అని ఊరికే రాస్తే అనుమానించండి, 'మైక్రోబియల్' (సూక్ష్మజీవులతో చేసినది) అని ఉంటే సరే. పార్మిజానో రెజ్జానో అనే ఇటలీ చీజ్‌ను మాత్రం దాని నియమావళి ప్రకారమే దూడ రెన్నెట్‌తో చేస్తారు, కాబట్టి అది కలిసిన పాస్తా సాస్ శాకాహారం కాదు. వూస్టర్‌షైర్ సాస్‌లో సాధారణంగా ఆంకోవీ చేపలు, కిమ్చీలో (కొరియా క్యాబేజీ పచ్చడి) తరచూ చేపల సాస్, థాయ్ రెడ్ కర్రీ పేస్టుల్లో ఎండురొయ్యలు. ఇవి నంబర్లు కావు, పదార్థాల పేర్లలోనే దొరుకుతాయి, కానీ కూరగాయల బొమ్మ చూసి వెనక్కి తిప్పరు.

గుడ్డు వద్దన్నారు కదా, అన్నిటికన్నా ముందు నూడుల్స్, మొక్కల బర్గర్ ప్యాటీలు చూడండి. ప్యాటీల్లో ముక్క విడిపోకుండా గుడ్డు తెల్లసొన కలిపేవి ఉన్నాయి. 'వెజిటేరియన్' అన్న మాటకు గుడ్డును మినహాయించని చోట్లు చాలా, 'వీగన్' (పాలు, గుడ్డు సహా జంతువులది ఏదీ లేనిది) అని ఉంటే ఆ బెడద లేదు.

---

ఉప్పుతక్కువ
పావుగంట గారూ, ఇప్పుడు కలిపి ఒకటి చేసి చూడండి. గిన్నెలో 75 గ్రాముల కుస్కుస్, 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్ళు, మూతపెట్టి 5 నిమిషాలు, ఫోర్కుతో పొడిపొడిగా విడదీయాలి. చెంచాతో కలిపితే ముద్దవుతుంది. ఈలోపు మూకుట్లో ఒక చెంచా నూనె, దంచిన వెల్లుల్లి, డబ్బా టమాటా 200 గ్రాములు, పెద్ద మంట మీద 4 నిమిషాలు. కడిగిన శనగలు మొత్తం 240 గ్రాములు, ఫ్రోజెన్ బఠాణీ 50 గ్రాములు వేసి ఇంకో 4 నిమిషాలు. దించాక మిరియాల పొడి, నిమ్మరసం. ఉప్పు ఆఖర్న, రుచి చూశాకే. శనగల్లో మిగిలినదే చాలావరకు సరిపోతుంది. ప్రొటీన్ 25 గ్రాములు దాటుతుంది. మిగిలిన 200 గ్రాముల టమాటా గాజు సీసాలోకి ఎత్తి మూత మీద తేదీ రాయండి.