జిరాలో ఎవరూ వాడని ఫీల్డులు, స్కీములు: తొలగించాలా, వదిలేయాలా?

కొత్త అడ్మిన్:
పనులను, లోపాలను టికెట్లుగా నమోదు చేసే సాఫ్ట్‌వేర్ జిరా. మా సంస్థలో దాని నిర్వహణ మూడు నెలల క్రితం నా చేతికి వచ్చింది. సొంత యంత్రాల మీద నడిపే సర్వర్ రూపానికి 2024 ఫిబ్రవరి 15న మద్దతు ముగిసేలోపు మావాళ్లు హడావుడిగా, తయారీదారులే నడిపే క్లౌడ్‌కు మారారు. ఇల్లు మారేటప్పుడు అటక మీది మూటలను విప్పకుండానే లారీ ఎక్కించినట్టు, పాతవన్నీ వెంట వచ్చేశాయి. కస్టమ్ ఫీల్డుల (టికెట్లో మనం అదనంగా చేర్చుకునే గడుల) జాబితా పేజీల కొద్దీ ఉంది. లోపం తీవ్రతకే 'సివియారిటీ' ఒకటి, 'బగ్ సివియారిటీ' ఒకటి, చివర చుక్క పెట్టిన 'సివియారిటీ.' మరొకటి! ఏ ప్రాజెక్టుకూ జోడించని వర్క్‌ఫ్లోలు (టికెట్ దాటే దశల వరుసలు), స్కీములు (ప్రాజెక్టుకు జోడించే అమరికల కట్టలు) ఇక చెప్పనక్కర్లేదు.

ఖాళీ ఫీల్డులు, ఏడాదిగా ఎవరూ ముట్టనివి, జోడింపు లేని స్కీములు, అన్నిటినీ ఒకే వారాంతంలో తొలగించాలని నా ఉద్దేశం. మా మేనేజర్ గారు 'నడుస్తున్నదాన్ని కదపకండి' అంటున్నారు. మీ అభిప్రాయం కావాలి.

డేటాబేస్ ఉద్యోగి:
మీ మేనేజర్ గారిదే సరైన మాట. జిరా డేటాబేస్‌లో ఫీల్డు నిర్వచనం ఒక చోట, విలువలు మరో చోట ఉంటాయి. టికెట్లో ఆ ఫీల్డు నింపితేనే విలువల పట్టికలో వరుస చేరుతుంది. ఖాళీ ఫీల్డు తినేది దాదాపు ఏమీ లేదు. తొలగిస్తే వచ్చే లాభం చిన్నది, తప్పు జరిగితే నష్టం పెద్దది. జాబితా పొడుగ్గా ఉండటం మీ కంటికి ఇబ్బంది, అంతే.

టెస్టర్:
అంతే అనకండి. మీరిద్దరూ ఖాళీ ఫీల్డుల గురించి మాట్లాడుతున్నారు. మా ప్రాణం తీసేవి నిండిన ఫీల్డులు. మా జట్టులో సగం మంది 'సివియారిటీ' నింపుతారు, సగం మంది 'బగ్ సివియారిటీ' నింపుతారు. విడుదలకు ముందు రోజు తీవ్రమైన లోపాల జాబితా తీస్తే సగమే వస్తుంది. ఒకసారి అలా మిగిలిపోయిన లోపం వినియోగదారుడి దాకా వెళ్లింది. దానికి సంజాయిషీ రాసింది నేను.

మరొకటి. 'మూల కారణం' అనే ఫీల్డును ఎవరో ఎప్పుడో తప్పనిసరి చేశారు. అందరూ అందులో ఒక గీత పెట్టి ముందుకు పోతున్నారు. లెక్క ప్రకారం అది బాగా వాడుకలో ఉన్న ఫీల్డు! మీ వారాంతపు శుభ్రత దాన్ని తాకను కూడా తాకదు.

పాత అడ్మిన్:
టెస్టర్ గారు అసలు చోట వేలు పెట్టారు. నిండి ఉంటే వాడుతున్నట్టు కాదు. ఖాళీగా ఉంటే వాడనట్టూ కాదు. ఈ రెండో సంగతి నేను దెబ్బ తిని నేర్చుకున్నాను.

అప్పట్లో మాది సొంత సర్వర్ల మీద నడిచే జిరా. ఒక ఫీల్డులో విలువలెన్నో డేటాబేస్‌లో లెక్కపెట్టాను. సున్నా. తొలగించాను. మర్నాడు ఉదయానికి కొనుగోళ్ల విభాగంలో ఒక్క ఆమోదం కూడా ముందుకు కదలలేదు. ఆమోదించే అధికారి ఆ ఫీల్డులో సంతకపు సంఖ్య వేస్తారు, స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాము) దాన్ని సరిచూస్తుంది, దశ దాటగానే దానంతటదే నడిచే పోస్ట్ ఫంక్షన్ ఆ విలువను చెరిపేస్తుంది. అందుకే లెక్కలో సున్నా వచ్చింది. కంగారులో అదే పేరుతో ఫీల్డును మళ్లీ సృష్టించాను. లాభం లేకపోయింది. స్క్రిప్టు గుర్తుపట్టేది ఫీల్డు పేరును కాదు, ఫీల్డుకు జిరా ఇచ్చే సంఖ్యను. కొత్త ఫీల్డుకు కొత్త సంఖ్య వస్తుంది. ఆ సంఖ్య ఎక్కడెక్కడ రాసి ఉందో వెతకడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ కొనుగోళ్ల విభాగం ఫోన్లకు నేను చెప్పిన జవాబులు ఇప్పటికీ గుర్తున్నాయి.

డేటాబేస్ ఉద్యోగి గారూ, ఖాళీ ఫీల్డు ఏమీ తినదన్న మాట సగమే నిజం. ప్రతి ప్రాజెక్టుకూ వర్తించేలా గ్లోబల్ కాంటెక్స్ట్‌తో వదిలేసిన ఫీల్డుల సంఖ్య పెరిగితే వేగం తగ్గుతుందని తయారీదారులే తమ సూచనల్లో చెబుతారు. కాంటెక్స్ట్‌ను, అంటే ఫీల్డు వర్తించే పరిధిని, అవసరమైన ప్రాజెక్టులకే పరిమితం చేయమంటారు. అయినా నాకు వేగం కన్నా మనుషుల తికమకే పెద్ద ఖర్చు.

కొత్త అడ్మిన్ గారూ, స్కీములనూ ఫీల్డులనూ ఒకే గాటన కట్టకండి. నమూనా నుంచి కొత్త ప్రాజెక్టు సృష్టించిన ప్రతిసారీ జిరా దాని పేరు మీద వర్క్‌ఫ్లో స్కీము, స్క్రీన్ స్కీము వంటివి విడిగా తయారుచేస్తుంది. ప్రాజెక్టును తొలగించినా అవి పోవు. మీ దగ్గరున్న గుట్టలో ఎక్కువ భాగం ఇదే అయి ఉంటుంది. వాడుకలో ఉన్న వర్క్‌ఫ్లోను జిరా ఎలాగూ తొలగించనివ్వదు. వాడుకలో లేని వర్క్‌ఫ్లోల నకలు ఒకటి దింపుకుని, ఆ గుట్టను ధైర్యంగా తీసేయండి. ఇకమీదట కొత్త ప్రాజెక్టుకు పాత ప్రాజెక్టు అమరికలను పంచుకునే వీలును వాడండి.

ఫీల్డుల దగ్గర మాత్రం తొందర వద్దు. ముందు స్క్రీన్ల (టికెట్లో ఫీల్డులు కనిపించే పేజీల) నుంచి తీయండి. విలువలు చెక్కుచెదరవు, ఎవరైనా అడిగితే నిమిషంలో తిరిగి పెట్టవచ్చు. ఏడాది కొలమానం కూడా నమ్మదగింది కాదు. మార్చి 31 లెక్కల కోసం ఏడాదికి ఒక్కసారే తెరిచే ఫీల్డులుంటాయి. ఒక మార్చి దాటనివ్వండి.

కొత్త అడ్మిన్:
క్లౌడ్‌లో తొలగించిన ఫీల్డు 60 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది కదా? ఆ గడువు చాలదా?

డేటాబేస్ ఉద్యోగి:
మార్చిలో వాడే ఫీల్డును ఏప్రిల్‌లో తొలగిస్తే 60 రోజులు ఏం చాలతాయి? స్కీముల విషయంలో పాత అడ్మిన్ గారి మాట ఒప్పుకుంటున్నాను. ఫీల్డుల మీద నా పట్టు సడలలేదు. ఫీల్డు శాశ్వతంగా పోతే మూసేసిన టికెట్లలోని విలువలు కూడా పోతాయి. టికెట్ చరిత్రలో ఉంటాయిలే అనుకుంటారు చాలామంది. చరిత్రలో చేరేవి తర్వాత చేసిన మార్పులే. టికెట్ సృష్టించేటప్పుడే నింపి, మళ్లీ ముట్టని విలువ అందులో కనిపించదు. ఆడిటర్ నాలుగేళ్ల నాటి ఆమోదం అడిగితే ఏం చూపిస్తారు?

టెస్టర్:
నేను తొలగించమనడం లేదు. నా ముందు నుంచి తీయమంటున్నాను. మూడు సివియారిటీల్లో ఒకటి ఉంచండి. మిగతా రెండింటి విలువలను అందులోకి నకలు చేయండి, ఫిల్టర్లు (దాచుకున్న వెతుకులాటలు) సరిచేయండి, ఆ రెండింటినీ స్క్రీన్ల నుంచి తీయండి. పాత విలువలు ఆడిటర్ కోసం డేటాబేస్‌లో పదేళ్లు ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

పాత అడ్మిన్:
జిరా 2002లో సిడ్నీలో లోపాల నమోదు కోసం పుట్టింది. ఇవాళ సెలవు దరఖాస్తు నుంచి కుర్చీల కొనుగోలు దాకా అన్నీ అందులోనే. ప్రతి విభాగమూ తన ఫీల్డు తాను తెచ్చుకుంటుంది. కొత్త అడ్మిన్ గారూ, ప్రాజెక్టులు పంచుకునే కస్టమ్ ఫీల్డును సృష్టించే హక్కు జిరా అడ్మిన్లకే ఉంటుంది. మీ దగ్గర ఆ హక్కు ఎంతమందికి ఉందో చూశారా?

కొత్త అడ్మిన్:
ఇప్పుడే చూశాను. ఇరవై ఇద్దరు. అందులో ఐదుగురు వేరే విభాగాలకు మారిపోయారు. చుక్క పెట్టిన సివియారిటీని గత నెలలోనే సృష్టించారు. అంటే నేను వచ్చాకే. వారాంతం పని వాయిదా వేస్తున్నాను. సోమవారం ఈ ఇరవై రెండు పేర్లతో మేనేజర్ గారి దగ్గరకు వెళ్తాను.