లండన్ బ్యాంకులో ఎగ్జిక్యూటివ్ అసిస్టెంట్ పని, కొత్తగా వచ్చాను, సలహా కావాలి

అందరికీ నమస్తే. మాది జడ్చర్ల. మహబూబ్‌నగర్‌లో ఒక బ్యాంకు రీజనల్ ఆఫీసులో పెద్దసారు దగ్గర ఆరేళ్లు పీఏగా చేశాను. మా ఆయన స్కిల్డ్ వర్కర్ వీసా మీద, నేను డిపెండెంట్‌గా వచ్చి రెండు నెలలైంది, ఈస్ట్ హ్యామ్‌లో ఉంటున్నాం. అక్కడి అనుభవం ఇక్కడ లెక్కలోకి రాదు, వేర్‌హౌస్‌లో చేరిపో అని ఒకరంటున్నారు, ఆరు వందల పౌండ్లు కడితే బ్యాంకులో పెట్టిస్తామని ఇంకొకరంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఈ లైన్లో ఉన్న అక్కలెవరైనా చెప్పండి.

*

చెల్లె, మాది దేవరకొండ. లండన్‌లో పెద్ద బ్యాంకుల ఆఫీసులుండే కానరీ వార్ఫ్‌లో పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ముందు ఆ ఆరు వందల పౌండ్ల సంగతి. ఒక్క పెన్నీ కూడా కట్టకు. ఉద్యోగం చూపించినందుకు ఏజెన్సీ మన దగ్గర డబ్బు తీసుకోకూడదని ఇక్కడ 1973 నుంచే చట్టం ఉంది, వాళ్లకి ఇచ్చేది కంపెనీ. డిపెండెంట్‌గా నీకు పని చేసుకునే హక్కు ఉంది, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో షేర్ కోడ్, అంటే ఆ హక్కు ఉందని కంపెనీ సరిచూసుకునే కోడ్, తీసి ఇస్తే చాలు. అది 90 రోజులే పనిచేస్తుంది, అయిపోతే మళ్లీ తీసుకోవచ్చు.

నీ ఆరేళ్లు లెక్కలోకి రాకపోవడమేంది? ఇన్‌స్పెక్షన్ అంటే బ్రాంచీలన్నిటి నుంచి కాగితాలు తెప్పించినదానివి, పంట రుణాల సీజన్లో సారు గది ముందు జనం నిలబడితే ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని మేనేజర్ దగ్గరికి మళ్లించాలో చూసుకున్నదానివి. ఇక్కడ పని కూడా అదే, మనుషులు మారతారు. సీవీలో టైపింగ్, డిక్టేషన్ అని రాసి వదిలేయకు, ఎన్ని బ్రాంచీలు, ఎంతమంది మేనేజర్ల మీటింగులు, ఎవరి ప్రయాణాలు చూశావో అంకెలతో రాయి. ఫోటో, పుట్టిన తేదీ, భర్త పేరు తీసెయ్. ఎవరైనా ప్రసూతి సెలవు మీద వెళ్తే ఆ కొన్ని నెలలకి మనిషిని తీసుకుంటారు, నేను అలాగే లోపలికి వచ్చాను, వాటిని చిన్నచూపు చూడకు.

బ్యాంకులు వెనకటి చరిత్రంతా తవ్వుతాయి, ఉన్న ఇళ్లు, చేసిన ఉద్యోగాలు, మధ్యలో ఖాళీలు, అన్నీ. మన పేర్లతో అక్కడే చిక్కు. నా డిగ్రీ సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్ట్ మీద పూర్తిగా ఉంది, ఇద్దరూ ఒకరేనా అని మూడు వారాలు ఆపారు. నువ్వు వాళ్లు అడగకముందే రాసి పంపు. రిలీవింగ్ లెటర్ ఇప్పుడే తెప్పించుకో.

ఇక అసలు పని. బాసు డైరీ నీ చేతిలో ఉంటుంది, అంటే ఏ కంపెనీ ఏ కంపెనీని కొనబోతుందో పేపర్ల కంటే ముందు నీకే తెలియొచ్చు. అందుకే డైరీలో కంపెనీ పేరు రాయరు, ఒక మారుపేరు పెడతారు. అలాంటి సంగతి తెలిసినవాళ్ల పేర్లతో బ్యాంకు ఒక జాబితా పెడుతుంది, అందులో నీ పేరు కూడా ఎక్కుతుంది. ఆ సమాచారంతో షేర్లు కొన్నా, ఇంకొకరికి చెప్పి కొనిపించినా ఇక్కడ పదేళ్ల దాకా జైలు. మీ ఆయన షేర్లు కొంటుంటే చేరిన రోజే బ్యాంకుకి చెప్పు. ఇంకోటి, రైల్లో ఫోన్లో ఆఫీసు మాటలు మాట్లాడకు. తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అనుకుంటాం, కానరీ వార్ఫ్ స్టేషన్లో సాయంత్రం ఆరింటికి నిలబడు, పక్కనే పాలమూరు యాసలో మాటలు వినిపిస్తాయి.

టైముల దగ్గర మాత్రం జాగ్రత్త, నేను దెబ్బ తిన్నది అక్కడే. మామూలుగా న్యూయార్క్ మనకంటే ఐదు గంటలు వెనక. కానీ వాళ్లు గడియారాన్ని మార్చి రెండో ఆదివారమే ముందుకు జరుపుతారు, ఇక్కడ మార్చి ఆఖరి ఆదివారం. ఆ రెండు మూడు వారాలు తేడా నాలుగు గంటలే, అక్టోబర్ ఆఖర్లో మళ్లీ ఒక వారం అంతే. చేరిన కొత్తలో, సరిగ్గా ఆ మార్చి రోజుల్లో, వాళ్ల తొమ్మిదికి, మన రెండింటికి అని మెయిల్‌లో చేత్తో రాసి పంపాను. అక్కడ తొమ్మిదయ్యేసరికి ఇక్కడ ఒంటిగంటే. న్యూయార్క్‌లో ఆరుగురు లైన్లో కూర్చున్నారు, మా బాసు కింద భోజనం చేస్తోంది. ఒకటీ పదికి అక్కడి అసిస్టెంట్ మెసేజ్ పెట్టింది. తప్పు నాదేనని అప్పుడే అర్థమైంది, చేతులు చల్లబడిపోయాయి, అయినా ఫోన్ చేయలేదు, ఎలాగైనా సర్దుదామని డైరీ ముందు వేసుకుని కూర్చున్నాను. ఆమె పైకి వచ్చాక ఒక్క మాటే అడిగింది. నీకు ఒకటీ పదికి తెలిసింది, నాకు ఒకటీ నలభైకి తెలిసింది, ఆ అరగంట నాకెందుకు లేకుండా చేశావు అని.

మన దగ్గర సారు కోపం చల్లారాక మెల్లగా చెప్పడం అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. తప్పు జరిగిన నిమిషంలోనే చెప్పు, దిద్దడానికి ఏం చేస్తున్నావో కూడా చెప్పు. చేయలేని పనికి సరే సార్ అనకు, ఇవాళ కాదు, రేపు పదింటికి ఇస్తానని నోరు తెరిచి అను.

*

అక్క రాసింది నిజం. మాది మిర్యాలగూడ, నేను కంప్లయన్స్‌లో, అంటే బ్యాంకులో అందరూ రూల్స్ పాటిస్తున్నారా అని చూసే విభాగంలో చేస్తాను. వాట్సాప్ గురించి ఒకటి కలుపుతున్నాను. మన ఊళ్లో ఆఫీసు పనంతా అందులోనే నడుస్తుంది, ఇక్కడ సొంత ఫోన్లో పని మాట ఒక్కటి కూడా రాయొద్దమ్మా, బాసే ముందు మెసేజ్ పెట్టినా ఆఫీసు మెయిల్‌లో జవాబివ్వు. 2022 సెప్టెంబర్‌లో అమెరికాలో షేర్ మార్కెట్‌ని అదుపు చేసే ఎస్‌ఈసీ ఇలాంటి మెసేజ్‌ల రికార్డులు దాచలేదని 16 వాల్‌స్ట్రీట్ సంస్థలకి 110 కోట్ల డాలర్లకు పైగా జరిమానా వేసింది. బాసు పేరుతో 'మీటింగులో ఉన్నాను, ఫోన్ చేయకు, ఈ ఖాతాకి వెంటనే డబ్బు పంపించు' అని మెయిల్ వస్తే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యి, నీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబర్‌కి.

*

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. గురువారం ఒక ఏజెన్సీతో మొదటి కాల్ ఉంది. ఒకే టైముకి ఇద్దరు పెద్దవాళ్లు మీటింగ్ అడిగితే ఏం చేస్తావని అడుగుతారట. సార్ అనకుండా మాట్లాడటం కూడా నాకు రావడం లేదు.

*

పేరు పెట్టే పిలువు చెల్లె, మొదటి వారం నోరు తిరగదు, తర్వాత అదే అలవాటవుతుంది. ఆ ప్రశ్నకి పెద్ద పదవి ఉన్నవాళ్లకే ఇస్తానని చెప్పకు. ఎవరి పనికి గడువు దగ్గరుంది, ఎవరు విమానమెక్కుతున్నారు, ఏది జరపొచ్చు, ఇవి కనుక్కుని బాసుకి రెండు దారులు చూపిస్తానని చెప్పు. చిన్న ఉదాహరణ ఇస్తాను. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఏడాదికి 8 సార్లు వడ్డీ రేటు ప్రకటిస్తుంది, మామూలుగా గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి. మా బాసు ట్రెజరీలో, అంటే బ్యాంకు సొంత డబ్బు చూసుకునే విభాగంలో ఉంది కాబట్టి ఆ గంటలో ఎవరడిగినా ఇవ్వను, ఏడాది మొదట్లోనే ఆ తేదీలన్నీ డైరీలో బ్లాక్ చేసి పెడతాను. అలాంటిది నీ ఆరేళ్లలో కూడా ఒకటి ఉంటుంది, అది చెప్పు. నా నంబర్ విడిగా పంపించాను, బుధవారం ఏడు తర్వాత ఫోన్ చెయ్, నేను ఏజెన్సీ మనిషిలా అడుగుతాను, నువ్వు ఇంగ్లీషులో జవాబు చెప్పు.