ధూళికట్ట స్తూపం: హన్మకొండ నుంచి ఒక్కరోజులో అయితదా?

ఓరుగల్లు తోవ:
హన్మకొండ నుంచి పొద్దున కారులో బయలుదేరి, ధూళికట్ట బౌద్ధ స్తూపం, కరీంనగర్ మ్యూజియం చూసుకొని చీకటి పడకముందే వాపస్ రావాలని ఉంది. వెంట అమ్మ వస్తది, మోకాళ్ల నొప్పులున్నయి. ముందు మ్యూజియమా, స్తూపమా? కోటిలింగాల కూడా కలుపుకోవచ్చా?

మానేరుగట్టు:
స్తూపమే ముందు. కరీంనగర్ దాకా 70 కిలోమీటర్ల చిల్లర, అక్కడినుంచి రాజీవ్ రహదారి మీద సుల్తానాబాద్ పోయి ఎడమకు మళ్లాలి. అసలు తిప్పలు అక్కడే మొదలైతయి. ఫోన్లో ‘ధూళికట్ట’ అని కొడితే ఊళ్లోకి తీసుకపోతది. స్తూపం ఊళ్లో లేదు, వడ్కాపూర్ వైపు పొలాల్లో ఉంటది. అందుకే ‘బౌద్ధ స్తూపం’ అని వెతకండి, సుల్తానాబాద్ దాటినంక ఎవరినైనా ఒకసారి అడగండి. వానలు పడ్డ వారంలో మాత్రం వద్దు. నల్లరేగడిలో కారు దిగబడితే ట్రాక్టర్ దొరికేదాకా అక్కడే. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచిది. బుద్ధ పూర్ణిమకే పోవాలనుకుంటే ఎండలు మండే రోజులు, తొమ్మిదింటికల్లా చూసుడు ముగించాలి.

నీళ్లు, టిఫిన్ సుల్తానాబాద్‌లోనే తీసుకోండి. స్తూపం కాడ హోటల్, నీడ ఉంటయని నమ్ముకోవద్దు. అమ్మకు మడత కుర్చీ, గొడుగు పెట్టుకోండి. చుట్టూ తిరిగే బాట సమంగా ఉండదు, చెప్పులకంటే బూట్లు నయం.

పాత నాణెం:
నేనైతే మ్యూజియమే ముందంటా. స్తూపం దగ్గర అండం (గుమ్మటం లాంటి గుండ్రటి కట్టడం) పైభాగం లేదు. ఇటుక కట్టుబడి, నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలు, అక్కడక్కడ సున్నపురాయి పలకలు, అంతే. ఏమీ తెలువకుండ పోయినోళ్లు పది నిమిషాల్లో ‘ఇంతేనా’ అని తిరిగొస్తరు. 1970ల తవ్వకాల్లో బయటపడ్డ వస్తువుల్లో ముఖ్యమైనవి కరీంనగర్‌కు చేరినయి. వాటిల్లో, వానలో బుద్ధునికి పడగ పట్టిన ముచలింద నాగరాజు పలక దగ్గర తీరిగ్గా నిలబడండి. నాగరాజు చుట్టలు చుట్టుకొని పడగలు విప్పి ఉంటడు, ఆ పడగల కింద ఉండాల్సిన బుద్ధుడు మాత్రం కనిపించడు. బుద్ధుని రూపం చెక్కని తొలి కాలం శిల్పమది. పాదాలు, ఖాళీ సింహాసనం, బోధివృక్షం ఆయన జాగలో ఉంటయి. ఇది ఎరికైనంక స్తూపం కాడికి పోతే ఏ పలక ఏడ పెట్టి ఉండేదో కండ్లముందర నిలుస్తది.

మానేరుగట్టు:
మీ మాట సబబే, కానీ మ్యూజియం తెరిచేదాకా ఆగితే స్తూపం కాడ నడినెత్తి ఎండే మిగుల్తది. పైగా చెక్కడం కనపడాలంటే వెలుగు పక్కనుంచి పడాలె. మధ్యాహ్నం ఫొటో తీస్తే పలక తెల్లగా చదునుగా వస్తది. ముందు రోజు రాత్రి పలకల ఫొటోలు చూసుకొని పోతే రెండూ అయితయి. మ్యూజియం ప్రభుత్వానిది, పోయే రోజు సెలవు కాదని ఒకసారి కనుక్కోండి.

పాత నాణెం:
ఇంకోటి. తూర్పు వైపు మొదలుపెట్టి, స్తూపం కుడిచేతి వైపు ఉండేటట్టు తిరగడం ప్రదక్షిణ పద్ధతి. ఇటుక వరుసలు కూడా గమనించండి: శాతవాహన కాలం ఇటుక ఇప్పటి ఇటుకకు ఇంచుమించు రెండింతల పొడుగుంటది, తర్వాత మరమ్మతు చేసినది దాంతోనే పట్టుకోవచ్చు. కట్టడం మీదికి ఎక్కొద్దు, పెంకు ముక్క కూడా ఏరుకోవద్దు.

కోటిలింగాల ఈ ట్రిప్పుల కలపకండి. అది వెల్గటూరు దిక్కు, గోదావరి ఒడ్డున. శాతవాహనుల తొలి రాజు సిముకుని నాణేలు దొరికిన ఊరు కాబట్టి మనసు గుంజుతది, కానీ ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ల కింద కొంత పోయింది, ఉన్నది చూడాలన్నా సగం రోజు కావాలె. దానికంటే దగ్గర, తవ్వకాలు జరిగిన ఇంకో ఊరు పెద్దబొంకూర్. అయితే అక్కడ దొరికిన విద్ధాంక (గుర్తులు ముద్ర కొట్టిన) నాణేలు గొప్పవే గానీ, ఇప్పుడు అమ్మను దింపి చూపించేటంత లేదు.

ఓరుగల్లు తోవ:
అయితే ఆరింటికే బయలుదేరి ముందు స్తూపం, తిరుగు తోవలో మ్యూజియం. కోటిలింగాల ఇంకోసారి.