ఆఫీసు గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు బాట్‌తో చెప్పించవచ్చా?

పెన్నాఒడ్డు (నెల్లూరు):
మాది రొయ్యల మేత కంపెనీ, హెచ్‌ఆర్ పని నాది. మైక్రోసాఫ్ట్ టీమ్స్ (ఆఫీసు మెసేజ్‌ల యాప్)లో అందరూ ఉండే గ్రూపులో రోజూ పొద్దున 9 గంటలకు, ఆ రోజు పుట్టినరోజు ఉన్నవాళ్లకు, ఉద్యోగంలో చేరి ఏళ్లు నిండినవాళ్లకు దానంతటదే శుభాకాంక్షలు పడేలా పెట్టమని పైనుంచి చెప్పారు. తేదీలన్నీ సర్వీసు ఫైళ్లలో ఉన్నాయి. ఆఫీసులో కొందరు భలే ఉంటుందంటున్నారు, కొందరు వద్దే వద్దంటున్నారు. మీరేమంటారు?

ఒంగోలు_సిస్టమ్స్:
పెట్టండి సార్. మనుషులకు వదిలేస్తే ఏమవుతుందో అన్నిచోట్లా చూస్తున్నదే. మేనేజర్ పక్కన కూర్చునేవాళ్లకు కేకు, శాలువా, ఫొటోలు. స్టోర్స్‌లో తలొంచుకుని పనిచేసుకునే ఆయన పుట్టినరోజు ఎవరికీ తెలీదు. బాట్‌కి ఆ తేడా ఉండదు.

పవర్ ఆటోమేట్ అని మైక్రోసాఫ్ట్‌దే ఒక సాధనం ఉంది, అందులో రోజూ దానంతటదే నడిచే ఫ్లో (పనుల వరుస) ఒకటి చేస్తే చాలు. పేర్లు, తేదీలు ఎక్సెల్‌లో టేబుల్‌గా మార్చి పెట్టండి, ఉత్త గళ్లలో రాస్తే అది చదవదు. టైమ్ జోన్ దగ్గర 'చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ' అని ఉండేది ఎంచుకోవాలి. వదిలేస్తే యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) లెక్కన నడిచి, 9 గంటల మెసేజ్ మధ్యాహ్నం రెండున్నరకు పడుతుంది. తేదీ ఫార్మాట్ దగ్గర ఐఎస్ఓ 8601 (తేదీ రాసే అంతర్జాతీయ పద్ధతి) పెట్టకపోతే తేదీ బదులు ఐదంకెల సంఖ్య వస్తుంది. ఫిబ్రవరి 29న పుట్టినవాళ్లుంటే వాళ్లకు వేరే షరతు రాయాలి.

గెలాక్సీ_లెక్కలు (చీమకుర్తి):
నేను ఒప్పుకోను. గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో అకౌంట్స్ చూస్తా, మా దగ్గర ఇలాంటి బాటే పెట్టారు. 'తేదీలన్నీ సర్వీసు ఫైళ్లలో ఉన్నాయి' అన్నారు చూడండి, చిక్కంతా అక్కడే. మన పల్లెల్లో వయసు మళ్లినవాళ్లలో ఎంతమందికి సర్టిఫికెట్ తేదీ, పుట్టిన తేదీ ఒకటి? బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేసేవారు. మా పెద్ద గుమాస్తా గారు పుట్టింది సంక్రాంతి ముందు, ఇంట్లో తిథి ప్రకారం చేసుకుంటారు. రికార్డులో మాత్రం జూలై 1. ఆ రోజు గ్రూపంతా కేకు బొమ్మలు పెడుతుంటే ఆయన ఒక్కొక్కరికీ 'థాంక్యూ' కొడుతూ కూర్చుంటారు. అసలు రోజున ఒక్కరూ పలకరించరు.

ఇంకో సంగతి. మా దగ్గర ఒకమ్మాయికి నాన్న పోయి నెల తిరగలేదు. ఏడాది దాటేదాకా ఆ ఇంట్లో పండగే చేసుకోరు. పొద్దున్నే ఆమె పేరుతో రంగుకాగితాలు ఎగిరే బొమ్మ, కింద 'ఈ ఏడాది మీ ఇంట ఆనందాలు వెల్లివిరియాలి' అని పడింది. అటెండర్‌తో సహా ఆఫీసులో అందరికీ ఆ చావు సంగతి తెలుసు. కింద ఎవరూ ఏమీ రాయలేదు. తీసేద్దామంటే ఫ్లో పెట్టినాయన సెలవులో ఉన్నాడు. సాయంత్రం దాకా అది అట్టాగే కనిపిస్తా ఉంది, ఆ పిల్ల అదే గ్రూపులో ఇన్‌వాయిస్‌లు పంపుతా ఉంది.

ఇక తేడా ఉండదు అంటున్నారే, మా క్వారీలో పనిచేసేవాళ్లకు కంపెనీ ఐడీలే లేవు. మీ ప్లాంటులో బస్తాలెత్తేవాళ్లు టీమ్స్‌లో ఉన్నారా సార్?

పెన్నాఒడ్డు:
లేరండీ. ఆఫీసు స్టాఫే. ప్లాంటు వాళ్లకు ఏం చెప్పాలన్నా గేటు దగ్గర బోర్డే.

కావలి_అక్క:
నేను ఇంటి నుంచి ఒక బెంగళూరు కంపెనీకి పనిచేస్తాను. మాది స్లాక్, టీమ్స్ లాంటి యాపే. బాట్ గ్రూపులో ఏమీ వేయదు, ముందురోజు టీమ్ లీడ్‌కి మాత్రం గుర్తుచేస్తుంది. తెల్లారి ఆయనే రాస్తారు. నా పుట్టినరోజుకు 'గాలివానకు కరెంటు పోయినా ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆ రాత్రి పని పూర్తిచేశారు, మరిచిపోలేదు' అని రాశారు. మా ఇంట్లో అందరికీ చూపించాను.

చేరేటప్పుడే ఒక ఫారం ఇస్తారు. మీరు జరుపుకునే తేదీ ఏది, అందరి ముందూ చెప్పొచ్చా, లీడ్ ఒక్కరే చెబితే చాలా, అసలు వద్దా అని. పుట్టిన సంవత్సరం అడగరు. సర్వీసు ఫైల్లో తేదీ మనం పీఎఫ్‌కి, ఇన్సూరెన్స్‌కి ఇచ్చింది. ఏ పనికి ఇచ్చిన సమ్మతి ఆ పనికే అని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో ఉంది కదా. చట్టం సంగతి అట్టా ఉంచినా, అడగడం మర్యాద.

ఒంగోలు_సిస్టమ్స్:
ఫారం మంచిదే అక్కా. లీడ్‌కి గుర్తుచేయడం మాత్రం ఒప్పుకోను. మీ లీడ్ మంచాయన కాబట్టి రాశారు. మార్చి ఆఖర్లో ఆ రిమైండర్ ఎవరు చూస్తారు? మళ్లీ తనకు కావలసినవాళ్లకే రాస్తారు.

గెలాక్సీ_లెక్కలు:
మరి బాట్ అందర్నీ చూస్తుందా? మీరు చెప్పిన ఎక్సెల్ స్టెప్పు, పేజినేషన్ (మిగతా వరసలు కూడా చదివించే సెట్టింగ్) ఆన్ చేయకపోతే 256 వరసలు చదివి ఆగిపోతుంది. ఆ తర్వాతవాళ్ల పేర్లు రానే రావు, ఎర్రర్ కూడా చూపించదు. పెట్టినాయన ఉద్యోగం మారి ఐడీ తీసేశారంటే మొత్తానికే నిలిచిపోతుంది. మనిషి మరిచిపోతే మర్నాడైనా వచ్చి చెయ్యి కలుపుతాడు.

ఒంగోలు_సిస్టమ్స్:
అవన్నీ సరిచేసుకోవచ్చు సార్. పేజినేషన్ నిమిషం పని. కంపెనీ పేరు మీద వేరే ఐడీతో కనెక్షన్ పెడితే ఎవరు మానేసినా ఫ్లో ఆగదు. మేనేజర్ పక్షపాతానికి సెట్టింగ్ ఎక్కడుంది? ఆ అమ్మాయి విషయం మాత్రం చదివి బాధేసింది. ఎక్సెల్‌లో 'ఆపు' అని ఒక కాలమ్ పెట్టి, అందులో గుర్తుంటే మెసేజ్ పోకుండా చేయొచ్చు. ఇంట్లో చావు జరిగితే హెచ్‌ఆర్ అదే రోజు గుర్తు పెట్టాలి.

పెన్నాఒడ్డు:
అందరికీ ధన్యవాదాలు. సర్వీసు ఫైళ్ల నుంచి పుట్టినతేదీలు తీయను, ఆ సంగతి పైవాళ్లకు గట్టిగా చెప్తాను. ముందు ఫారం, 'సరే' అన్నవాళ్లకే గ్రూపులో మెసేజ్, 'ఆపు' కాలమ్ నా చేతిలో. ఉద్యోగంలో చేరిన తేదీ కంపెనీ వేసిందే కాబట్టి దాంట్లో తప్పు రాదు, అయినా అదీ ఫారంలో అడుగుతాను. ప్లాంటు వాళ్ల పేర్లు గేటు బోర్డు మీద రాయించాలని ఉంది, సూపర్‌వైజర్ ఇంకా ఒప్పుకోలేదు. ఫారం సోమవారం పంపుతున్నా. ఇంకేదైనా చేర్చాలంటే ఆదివారం లోపు రాయండి.